ఔటర్‌లో వియ్యంకుడు

స్టేషను బయట ఔటర్ సిగ్నల్ దగ్గర ఆగివున్న ప్యాసింజర్ బండి పక్కనుంచి పొగ లేచింది.

చింతలగొంది రోడ్ స్టేషన్ మాస్టరు తాడికొండ విశ్వపతికి పై ప్రాణాలు పైనే పోయాయి. తెల్ల యూనిఫారం మీద పొద్దున అంటిన పసుపు మరకతోనే ప్లాట్‌ఫారం చివరిదాకా పరుగెత్తి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"బండి అంటుకుందేందిరా ఓబులేసూ?"

"బండి కాదు మాస్టారూ, పొయ్యి," అన్నాడు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఓబులేసు తాపీగా. "పొద్దున్నించీ నిలబెడితిరి గదా. జనం దిగి మూడు రాళ్ళు పెట్టుకుని ఉప్మా కలియబెడతా ఉండారు. నేను జెండా పట్టుకుని పోతే నాకూ ఇంత ఆకులో పెట్టారు. జీడిపప్పు గూడా ఏశారు."

విశ్వపతి ఊపిరి పీల్చుకున్నాడు. ఆ పీల్చుకున్నది వదలకముందే జేబులో ఫోను మోగింది.

"బావగారూ, మేము ఔటర్‌లో ఉన్నాం."

ఫోనులో ఉన్నది పానకాలరావు. గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఆయన కొడుకు హరనాథ్‌కి, విశ్వపతి ఒక్కగానొక్క కూతురు హైమవతికి ఇవాళ నిశ్చయ తాంబూలాలు. పెళ్ళివారు మొత్తం ఆ బండిలోనే ఉన్నారు. 'ఔటర్' అన్న మాటని ఆయన, ఆచారవంతుడు బూతుమాట పలకాల్సి వచ్చినట్టు పలికాడు.

ఆ సెక్షన్‌లో పానకాలరావు సంగతి తెలియని వాళ్ళు లేరు. తన బండిని ఔటర్‌లో నిలబెట్టిన స్టేషన్ మాస్టరుని ఆయన మనిషి కింద లెక్కగట్టేవాడు కాదు. సొంత తోడల్లుడు ఒకసారి ఏదో కారణాన బండిని ఔటర్‌లో ఆపితే, ఆ తర్వాత వాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అలాంటి మనిషి ఇవాళ పట్టు కండువా వేసుకుని, సారె పళ్ళేలతో, సన్నాయి మేళంతో, కాబోయే వియ్యంకుడి స్టేషను ఔటర్‌లోనే కూర్చునివున్నాడు.

"ఇదిగో, ఇప్పుడే తీసుకుంటున్నాం బావగారూ. చిన్న పని పడింది."

"బుధవారం. పన్నెండింటికి రాహుకాలం," అని పానకాలరావు ఫోను పెట్టేశాడు.

విశ్వపతి స్టేషను వైపు తిరిగి చూశాడు. ఆ చిన్న పని ఒకటో నంబరు లైను మీద గొంతుకూర్చుని, భూతద్దంతో పట్టాని చూస్తోంది. దాని పేరు శ్రీ పసుమర్తి సచ్చిదానందం గారు. హోదా, ముఖ్య అరుగుదల నివారణాధికారి; సిబ్బంది నోట చీఫ్ గారు.

ఆ హోదా ఎలా పుట్టిందో చెప్పుకోవాలి. ఏడాది కిందట డివిజన్ ఆఫీసులో ఖర్చు తగ్గింపు మీద ఒక మహాసభ జరిగింది. అందులో సచ్చిదానందం గారు లేచి ఇలా అన్నారు: "మెయింటెనెన్సు ఖర్చు దేనివల్ల వస్తుంది? అరుగుదల వల్ల. అరుగుదల దేనివల్ల వస్తుంది? వాడకం వల్ల. కాబట్టి..."

ఆ 'కాబట్టి' దగ్గర సభంతా చప్పట్లు కొట్టింది. తర్వాత ఆయన ఏం చెప్పబోతున్నారో ఎవరూ వినలేదు. భోజనాల వేళైంది. సాయంత్రానికల్లా 'అరుగుదల రహిత మౌలిక సదుపాయాల సంసిద్ధతా మిషన్' మంజూరైపోయింది. ప్రయోగానికి చింతలగొంది రోడ్‌ని ఎంచుకున్నారు. ఊరికి ఆమడ దూరంలో పొలాల మధ్య ఉన్న స్టేషను. అక్కడేం జరిగినా వార్త ఊరికి చేరేసరికే పాతబడుతుంది.

మొదట వెయిటింగ్ రూములో ఫ్యాను ఆపారు. తిరిగితే బేరింగులు అరుగుతాయి. తర్వాత కొళాయికి తాళం వేశారు. బెంచీలు తిరగేసి గోడకి ఆనించారు. ప్లాట్‌ఫారం మీది నాపరాళ్ళు అరుగుతాయని చెప్పులు బయటే విడవమన్నారు. దాంతో కొత్తగా వచ్చినవాళ్ళు ఇదేదో దేవస్థానం అనుకుని, టికెట్ కిటికీ ముందు చెంపలు వేసుకుని, అందులో చిల్లర వేసి, టికెట్ అడక్కుండానే వెనక్కి పోయేవారు. ఆ నెల స్టేషను ఆదాయం పెరిగింది. మిషన్ విజయవంతమైందని సచ్చిదానందం గారు పైకి రాశారు.

ఇక అసలు సంగతి పట్టాలది. ఒకటో నంబరు లైనుని 'ఆదర్శ లైను'గా ప్రకటించి, దాని మీద ప్రయాణికుల బండ్లన్నీ బందు చేశారు. బండ్లన్నీ రెండో లైను మీదికే. దానికి ప్లాట్‌ఫారం లేదు. ముసలీముతకా మెట్ల మీంచి వేలాడి, కళ్ళు మూసుకుని, ఇంటి దేవుణ్ణి తలుచుకుని దూకేవారు. ఆదర్శ లైనుకి మాత్రం వారానికోసారి నువ్వులనూనె మర్దనా. ఎండకి పట్టా సాగకుండా ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఎర్ర పూల షామియానా. పక్కన ప్లాట్‌ఫారం మీద తివాచీ.

ఇంత చేసినా, ఆ పట్టా అరుగుతోంది!

మొదట్లో సచ్చిదానందం గారు నెలకోసారి తన స్పెషల్ బండిలో వచ్చి కొలిచేవారు. కొంచెం అరిగినట్టు కనిపించింది. కంగారుపడి వారానికోసారి రావడం మొదలుపెట్టారు. ఇంకొంచెం అరిగింది. రోజూ వచ్చారు. ఇంకా అరిగింది. ఇహ లాభం లేదని పూటపూటా వచ్చారు. అరుగుదల పరుగందుకుంది. ఆయన నిద్రాహారాలు మానేశారు. ఇవాళ పొద్దున వచ్చి గేజి పెట్టి చూస్తే, అరుగుదల హద్దు దాటిపోయింది.

"ఇది యాదృచ్ఛికం కాదు!" అని ఆయన వేసిన కేకకి షామియానా మీది పావురాలు లేచిపోయాయి. "దీని వెనుక ఒక వ్యక్తి ఉన్నాడు. అతడెవరో తేలేవరకు ఇది సంఘటనా స్థలం. ఒక్క చక్రం కూడా లోపలికి రాకూడదు!"

పట్టా ఇంకా అరక్కుండా తన స్పెషల్‌ని రెండో లైన్లోకి మార్పించారు. ఉన్నవి రెండే లైన్లు. ఒకదాని మీద నేరం, ఇంకోదాని మీద న్యాయాధికారి. ప్యాసింజరుకి ఔటర్ తప్ప గతిలేకపోయింది.

స్టేషన్ మాస్టరు గదిలో జాయింట్ నోట్ మొదలైంది.

రైల్వేలో ఏది జరిగినా సంబంధిత శాఖల ఇన్‌స్పెక్టర్లు అక్కడికక్కడే కూర్చుని, తప్పు ఎవరిదో తేల్చి, ఒకే కాగితం మీద సంతకాలు పెడతారు. దాన్ని జాయింట్ నోట్ అంటారు. దాని ధర్మం ఒక్కటే. తప్పు మనది కాకపోతే చాలు, ఎవరిదైనా ఫరవాలేదు.

"నా పట్టా పాపం పడుకుని ఉంది సార్," అన్నాడు పట్టాల ఇన్‌స్పెక్టర్ ఎలమంద. "దాని పాటికది పడుకుని ఉంది. ఎవురి జోలికీ పోలా. వచ్చి మీదెక్కింది చక్రం."

చక్రాలూ పెట్టెలూ చూసే క్యారేజీ ఇన్‌స్పెక్టర్ ఏసుదాసుకి రోషమొచ్చింది. "చక్రానికేమన్నా కాళ్ళుండాయా, దానంతటది నడిచి రాటానికి? పెట్టె నిండా జనం ఎక్కితే ఇంజను లాగింది. లాగితే తిరిగింది. జనానికి టికెట్లు అమ్మిందెవరు? అదడగండి ముందు."

"ఓయబ్బో! నేనమ్మింది టికెట్లు సార్, పట్టాలు కాదు," అన్నాడు కమర్షియల్ ఇన్‌స్పెక్టర్ మస్తాన్‌వలి. "టికెట్టు కొన్నోడు ఇంటికి పోయి పటం కట్టించుకోవచ్చు. ఎవరొద్దన్నారు? బండిని లోపలికి రమ్మని పిలిచింది సిగ్నలు. ఆ సిగ్నలు ఇచ్చింది..."

మూడు తలలూ ఒకేసారి విశ్వపతి వైపు తిరిగాయి. మూడు శాఖలకీ ఏకాభిప్రాయం కుదరడం ఆ డివిజన్ చరిత్రలో అదే మొదలు.

"నేనిచ్చిన సిగ్నళ్ళన్నీ రెండో లైనుకే గదా సార్!" అన్నాడు విశ్వపతి.

"వాదనలు తర్వాత," అన్నారు సచ్చిదానందం గారు. "బాధ్యతను యుద్ధప్రాతిపదికన స్థిరీకరించవలసి ఉంది. దోషి ఎంతటివాడైనా సరే, సస్పెండవుతాడు. గంటలో ఈ స్టేషను ఎల్లలు దాటుతాడు. మళ్ళీ జన్మలో ఇక్కడ కాలుపెట్టడు. అతని పేరు మైకులో ప్రకటించాలి. ఆ మైకుకి వేసిన సీలు విప్పండి. లోపలి పొర అరిగినా సరే, ఈ ఒక్కసారికి అనుమతిస్తున్నాను."

కిటికీ అవతల స్టేషను క్వార్టర్సు. అక్కడి నుంచి బూరెలు వేగుతున్న వాసన వస్తోంది. విశ్వపతి భార్య తులశమ్మ గుమ్మంలో నిలబడి, ముంజేతిని వేలితో కొట్టి చూపించింది. టైమెంతయిందని. విశ్వపతి రెండు చేతులూ జోడించాడు. అది భార్యకో, దేవుడికో, చీఫ్ గారికో ఆయనకే తెలియలేదు.

"ముద్దాయిని ప్రవేశపెట్టండి," అన్నారు సచ్చిదానందం గారు.

ముద్దాయి అంటే ప్యాసింజర్ బండి. అది ఔటర్‌లో ఉంది గనక, లోపలికి వస్తే సాక్ష్యాన్ని చెరిపేసే ప్రమాదముంది గనక, దాని తరఫున డ్రైవరు నడిచొచ్చాడు. మూతి మీద ఇంకా ఉప్మా రవ్వ ఉంది.

"ముద్దాయి బండిని నడిపేది నువ్వేనా?"

"అవును సార్."

"రోజూ ఈ స్టేషనుకి వస్తావా?"

"రాకపోతే జీతం రాదు గదా సార్."

"రాసుకోండి. నేరం అంగీకరించాడు."

"ఏ నేరం సార్?" డ్రైవరు మూతి తుడుచుకున్నాడు. "ఆరు నెలల్నించీ నా బండి రెండో లైనుకే పోతా ఉంది. ఆ ఒకటో లైను ఎట్టా ఉంటదో గూడా మర్చిపోయా. మొదట్లో షామియానా చూసి ఎవరిదో పెళ్ళనుకున్నా."

సచ్చిదానందం గారు కలం కింద పెట్టారు. నుదురు రుద్దుకున్నారు. ఆయన మొహంలో అమాయకమైన, నిజమైన ఆశ్చర్యం కనిపించింది.

"మరి ఒకటో లైను మీద ఏ బండి నడుస్తోంది?"



గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారని సామెత. ఇక్కడ దొంగ ఎవరో తెలిసినవాళ్ళంతా తమ భుజాలు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. తడుముకోవలసిన ఆయన ఒక్కడే ధీమాగా ఉన్నాడు. ఎలమంద ఆగిపోయిన ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాడు. ఏసుదాసు బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. మస్తాన్‌వలికి హఠాత్తుగా దగ్గొచ్చింది.

చివరికి ఎలమంద ధైర్యం చేశాడు. "సార్... తమరి స్పెషలూ..."

"నా స్పెషల్ సంగతి ఇక్కడెందుకు?" అన్నారు సచ్చిదానందం గారు. "అది నడిచేది తనిఖీ కోసం. మిషన్ నిబంధనల ప్రకారం తనిఖీ వాడకం కిందికి రాదు. తనిఖీకి బరువుండదు."

"అదే సార్, నేననేదీ అదే," అన్నాడు ఎలమంద. "తమరి స్పెషల్లో టిఫిను చల్లారిపోతదేమోనని."

బరువులేని ఆ స్పెషల్‌లో ఒక ఇంజను, చీఫ్ గారు మకాం ఉండే సెలూను పెట్టె, వంటపెట్టె, అరుగుదల ఫైళ్ళు దాచిన రెండు పెట్టెలు, చివర నిఘా విభాగం పెట్టె ఉన్నాయి.

నిఘా విభాగం అంటే జాకీ అనే కుక్క, దాన్ని పట్టుకునే హవల్దారు. మానవ మాత్రులతో పనికాదని తేలాక సచ్చిదానందం గారు జాకీని దింపించారు. "ఎవరో విద్రోహి ఆకురాయితో రాస్తున్నాడు. వాసన పట్టించండి."

షామియానా కింద జాకీ పట్టాని శ్రద్ధగా వాసన చూసింది. తోక నిటారుగా లేచింది. అంతే, హవల్దారుని ఈడ్చుకుంటూ పరుగు! దాని వెనుక ముగ్గురు ఇన్‌స్పెక్టర్లు, వాళ్ళ వెనుక విశ్వపతి, అందరి వెనుక ఆయాసపడుతూ చీఫ్ గారు. కుక్క నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరగలేదు. గూడ్సు షెడ్డులో దూరలేదు. తిన్నగా పట్టాలు దాటి, రెండో లైన్లో ఆగివున్న సెలూను చక్రం దగ్గరికి పోయి కూర్చుంది. చక్రాన్ని ఒకసారి నాకి, చీఫ్ గారి వైపు చూసి, రెండుసార్లు మొరిగింది.



"వంటపెట్టెలో కోడికూర వాసనై ఉంటదిలే సార్," అన్నాడు ఏసుదాసు నేల చూస్తూ.

"కుక్కకి సాంకేతిక అర్హత లేదు," అని తీర్మానించారు సచ్చిదానందం గారు. "దీన్ని కూడా విచారణ పరిధిలోకి తీసుకురండి."

హవల్దారు జాకీని వెనక్కి నడిపించాడు. అది పోతూ పోతూ కూడా వెనక్కి తిరిగి ఆ చక్రాన్నే చూస్తోంది. అంత నిజాయితీ ఉన్నవాళ్ళకి డిపార్టుమెంటులో ప్రమోషన్ రాదని విశ్వపతి మనసులో అనుకున్నాడు. అనుకుని, తనకీ రాలేదు గదా, మరి తనకున్న నిజాయితీ ఏదని ఒక క్షణం ఆగాడు.

అప్పుడే వినిపించింది సన్నాయి.

ఔటర్ నుంచి పట్టాల మధ్యగా ఒక ఊరేగింపు వస్తోంది. ముందు డోలు, సన్నాయి. వెనుక పళ్ళేల్లో పళ్ళూ, చీరా, పసుపు కుంకాలూ మోస్తున్న ఆడవాళ్ళు. వాళ్ళ వెనుక ప్యాంటు మడతపెట్టుకుని సిగ్గుపడుతున్న పెళ్ళికొడుకు. ఆ వెనుక ఊరికే కూర్చుని విసుగెత్తిన ప్రయాణికులు, ఉప్మా గిన్నెతో సహా. అందరికంటే ముందు, ఒక చేతిలో ఎర్రజెండా పైకెత్తి పట్టుకుని, బండిని నడిపిస్తున్నంత ఠీవిగా పానకాలరావు.

స్టేషన్లోకి వచ్చి షామియానా చూడగానే పెళ్ళివారి ఆడవాళ్ళ మొహాలు విచ్చుకున్నాయి.

"అబ్బ, ఎంత పందిరేశారో చూడు వదినా! మనం నడిచి రావాలనే బండి ఆపించారేమో. తివాచీ గూడా పరిచారు."

"పట్టాలకి నూనె గూడా రాశారే! మంగళస్నానం పట్టాలకి గూడానా వీళ్ళ వైపు?"

అంటూనే అందరూ సంఘటనా స్థలంలో పట్టాల మీద వరసగా కూర్చున్నారు. పళ్ళేలు పట్టాల కింది స్లీపరు దిమ్మెల మీద సర్దారు. ఎవరో పెద్దావిడ, హద్దు దాటి అరిగినచోట సచ్చిదానందం గారు సుద్దతో గీసిన గుర్తుని ముగ్గనుకుని, దాని మధ్య బొట్టు పెట్టి దీపం వెలిగించింది.

"సాక్ష్యం! సాక్ష్యం!" సచ్చిదానందం గారు జుట్టు పీక్కున్నారు. "మాస్టరూ! ఈ మూకని ఖాళీ చేయించండి!"

మూక అన్న మాట పానకాలరావు చెవిన పడింది. ఆయన తాపీగా ఎర్రజెండా చుట్టి చంకలో పెట్టుకుని, విశ్వపతి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"స్టేషన్ మాస్టరు గారూ," అన్నాడు.

బావగారు పోయి స్టేషన్ మాస్టరు గారు వచ్చేసరికి విశ్వపతి రెండడుగులు ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"నమస్కారం బావగారూ. లోపలికి... క్వార్టర్సులో అన్నీ సిద్ధంగా..."

"బండి ఎందుకు ఆపారు?"

"పట్టా అరిగింది."

"అరిగితే మారుస్తారు. ఎవరరగదీశారు?"

విశ్వపతి నోరు తెరిచాడు. పక్కనే సచ్చిదానందం గారు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

"చూడండి," అన్నాడు పానకాలరావు. "నా సర్వీసులో ఔటర్‌లో నిలబెట్టిన వాళ్ళని చాలామందిని చూశా. పట్టా విరిగిందనో, గేదె అడ్డమొచ్చిందనో చెప్పినోళ్ళని తిట్టుకుని ఊరుకున్నా. మా తోడల్లుణ్ణి ఎందుకు ఆపావయ్యా అంటే ఇదిగో ఇట్టాగే నీళ్ళు నమిలాడు. ఆపినందుక్కాదు నేను వాళ్ళింటికి పోనిది. ఎందుకాపాడో చెప్పలేకపోయినందుకు. మీరూ అంతేనా?"

ఇన్‌స్పెక్టర్లు విశ్వపతిని పక్కకి లాగారు.

"మాస్టారూ, మంచి మాట చెప్తా," అన్నాడు మస్తాన్‌వలి చెవిలో. "నోటు మీద మీ పేరు రాసేయండి. సస్పెన్షన్ ఎన్నాళ్ళుంటది? మూణ్ణెల్లు. మేం ముగ్గురం సాక్షి సంతకాలు పెడతాం. దగ్గరుండి పెళ్ళి జరిపిస్తాం."

"బూరెలు గూడా వడ్డిస్తాం," అన్నాడు ఎలమంద.

"నా మాటా అదే," అన్నారు సచ్చిదానందం గారు, అదంతా వింటూ. ఆయన గొంతులో దయ కూడా ధ్వనించింది. "విశ్వపతిగారూ, వ్యక్తిగతంగా మీరంటే నాకు గౌరవం. కానీ వ్యవస్థకి ఒక పేరు కావాలి. రాహుకాలానికి ముందుగా ఆ పేరు దొరికితే బండికీ మార్గం దొరుకుతుంది, మీ అమ్మాయికీ. ఆలోచించుకోండి."

విశ్వపతి చేతిలోకి కలం వచ్చింది. ఎవరు పెట్టారో తెలియదు. ఆలోచించాడు. మూడు నెలలేగా. ఇరవై ఆరేళ్ళలో ఎన్ని జాయింట్ నోట్ల మీద తనవి కాని తప్పులకి తలూపలేదు? కూతురి కోసం ఇంకొక్కటి. కాగితం మీద 'తా' అని రాశాడు.

"నాన్నా!"

పట్టుచీర కుచ్చెళ్ళు చేత్తో ఎత్తిపట్టుకుని, హైమవతి క్వార్టర్సు నుంచి పట్టాలు దాటుకుంటూ వచ్చింది. పూలజడ ఒకపక్కకి జారింది. ఆమె వెనుక తులశమ్మ జడ సర్దుతూ పరుగెడుతోంది.

"నా కోసమని ఆ కాగితం మీద నీ పేరు రాశావంటే, నేను పీటల మీద కూర్చోను."

"అమ్మడూ, నీకు తెలీదు..."

"ఏం తెలీదు? ఆ బండి కూత ఇంట్లో రోజుకు రెండుసార్లు వింటున్నా. ఒకటో లైను మీద ఏది నడుస్తోందో మన పాలవాడికి తెలుసు, జాకీకి తెలుసు. నీకే తెలీదా?"

పెళ్ళికొడుకు హరనాథ్ ఆమె వైపు చూసిన చూపుని బట్టి, తాంబూలాలు మార్చుకున్నా మార్చుకోకపోయినా ఆ కుర్రాడి పని అయిపోయిందని అక్కడున్న ఆడవాళ్ళందరికీ అర్థమైంది.

పానకాలరావు జేబులోంచి గడియారం తీసి చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. అంతే.

"సమయం మించిపోతోంది," అన్నారు సచ్చిదానందం గారు. "పేరు రాయడం తర్వాత. ముందు మైకులో ప్రకటించండి. స్పష్టంగా, ఔటర్‌ దాకా వినిపించేలా. దోషి పేరు, హోదాతో సహా. ఇది నా ఆదేశం."

"దోషి పేరు చెప్పమంటారా సార్?" అన్నాడు విశ్వపతి.

"నిర్మొహమాటంగా చెప్పండి."

"హోదాతో సహా?"

"సహా!"

"ఎంతటివాడైనా సరేనా?"

"ఎన్నిసార్లు చెప్పాలి? ఎంతటివాడైనా సరే!"

ఆదేశం ఎలమంద విన్నాడు, ఏసుదాసు విన్నాడు, మస్తాన్‌వలి విన్నాడు. ముగ్గురూ సాక్షులు. పై అధికారి ఆదేశాన్ని విశ్వపతి ఇంతవరకూ ఒక్కటీ ధిక్కరించలేదు. ఇవాళా ధిక్కరించదలుచుకోలేదు.

తన గదిలోకి నడిచి, కలం బల్ల మీద పెట్టి, టోపీ సర్దుకుని, మైకు ముందు కూర్చున్నాడు. ఆరు నెలలుగా మూగగా ఉన్న మైకు ఒకసారి కీచుమంది. షామియానా కింద సన్నాయి ఆగింది. ఉప్మా గిన్నెలో గరిటె ఆగింది. ఔటర్‌లో మిగిలిపోయిన జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. జాకీ చెవులు నిక్కబొడుచుకుంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి," అన్నాడు విశ్వపతి. "మీరెక్కిన ప్యాసింజర్ బండి ఏ తప్పూ చేయలేదు. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. ఒకటో నంబరు లైను పట్టాని అరగదీసిన వ్యక్తిని గుర్తించడమైనది. ఆరు నెలలుగా ఆ పట్టా మీద నడిచిన బండి ఒక్కటే. పట్టా అరిగిందో లేదో చూడటానికి, ఆ పట్టా మీదుగానే, మొదట నెలకోసారి, తర్వాత వారానికోసారి, తర్వాత రోజూ, తర్వాత పూటపూటా వచ్చిన స్పెషల్ బండి. అందులో వచ్చినవారి ఆదేశం ప్రకారమే వారిని సస్పెండ్ చేయవలసి ఉన్నది. గంటలో వారు స్టేషను ఎల్లలు దాటవలసి ఉన్నది. వారు రెండో లైను ఖాళీ చేయగానే మీ బండి లోపలికి వస్తుంది. బావగారూ, మిమ్మల్ని ఆపిన కారణం కూడా వారే. వారి పేరు, ముఖ్య అరుగుదల నివారణాధికారి, శ్రీ పసుమర్తి సచ్చిదానందం గారు."

రైల్వే నిబంధన ప్రకారం ప్రతి ప్రకటనా మూడు భాషల్లో చెయ్యాలి. విశ్వపతి నిబంధన తప్పే మనిషి కాదు. గొంతు సవరించుకుని, ఒకసారి హిందీలో చెప్పాడు. మరోసారి ఇంగ్లీషులో చెప్పాడు. మూడోసారికి షామియానా కింద కూర్చున్నవాళ్ళూ, ఔటర్‌లో కిటికీలకి వేలాడుతున్నవాళ్ళూ చివరి రెండు మాటల కోసం కాచుక్కూర్చుని, ఆయనతో పాటే గొంతు కలిపి గట్టిగా అన్నారు:

"పసుమర్తి సచ్చిదానందం!"